పాకానికి జ్వరం చూచిన కథ

సంక్రాంతి దగ్గర పడుతున్నది. మన బళ్ళారి తెలుగిండ్లలో అరిసెల మూకుడుతోపాటు చక్కెర అచ్చుల కొయ్యపలకలు కూడా అటక దిగుతాయి. తరాలుగా కన్నడపు ఇరుగుపొరుగుతో కలిసి ఉన్నవారము. ఎళ్ళు-బెల్లపు పళ్ళెంలో చిలుకో, ఏనుగో, తులసికోటో లేకుంటే పిల్లను పంచిరమ్మని పంపడానికి మనసొప్పదు.

మా ఇంట అచ్చులంటే అమ్మ చేయి. పాకపుచుక్కను రెండు వేళ్ళ నడుమ సాగదీసి, తీగ చూచి, "దించు" అనేది. ఇప్పుడు ఆమె కండ్లకు పొర కమ్మినది, తీగ కనపడదు. నిరుడు మా ఇంటిది చేస్తే మొదటి వాయి అచ్చులో బిగియక కారిపోయినది, రెండవది గిన్నెలోనే ఇసుకైనది. అమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుకే ఈసారి 200 డిగ్రీల దాకా చూపే వంట థర్మామీటరు కొన్నాను. జ్వరం చూచేది దీనికి పనికిరాదు సుమండీ! అది 42 డిగ్రీలతో సరి. పాకంలో పెడితే పగులుతుంది, పాత పాదరసపుదైతే పాకమంతా పారబోయవలసిందే.

మొదట మరిగే నీళ్ళలో ఉంచి చూచినాను. 100 రావలసినది 98న్నర దగ్గరే నిలిచినది. గుమాస్తా బుద్ధి గదా, వెంటనే రశీదు వెదికినాను. బడిపంతులైన మిత్రుడొకరు నవ్వి, "బళ్ళారి సముద్రానికి రమారమి 1,500 అడుగుల పైనున్నది. ఇక్కడ నీరు ముందే మరుగుతుంది, తప్పు దానిది కాదు" అన్నారు. కనుక పుస్తకంలోని అంకెలో ఒకటిన్నర తగ్గించుకోవాలి.

పాకం ఉడికేకొద్దీ నీరు పోయి వేడి పెరుగుతుంది. పుస్తకం లెక్కన 106 మొదలు 112 దాకా తీగపాకం. ఆపైన 116 దాకా చల్లనీళ్ళలో వేస్తే మెత్తని ఉండ. 150 దాటితే పటుక్కున విరిగే పాకం. 112 దగ్గర నూటికి 85 పాళ్ళు చక్కెరే. అక్కడినుంచి రెండు నిమిషాల ఏమరుపాటు చాలు, వాయి చెడుతుంది.

పుల్ల గిన్నె అడుగును తాకరాదు, తాకితే అబద్ధం చెబుతుంది. పాకం కొంచెమే ఉంటే గిన్నె వాల్చి కొస మునిగేట్టు చూడాలి. చల్లని పుల్లను ఒక్కసారిగా దించక, ముందు వేడినీళ్ళలో ఉంచాలి.

అమ్మను పొయ్యి పక్కన పీటమీద కూర్చోబెట్టి అంకెలు చదివినాను.

"నూటపదకొండమ్మా."

"ఇంకా కాలేదు. బుడగల చప్పుడు పలచగా ఉండాది."

"నూటపదమూడు."

"ఇప్పుడు మందమైనాది. ఇంకొంచెం... ఊఁ, దించు. నీ గాజుపుల్ల ఏమంటాంది?"

పుల్ల 114న్నర చూపినది! దించి, తెల్లబడేదాకా కలిపి, తడి పలకల్లో పోసినాము. చిలుకకు ముక్కుతో సహా వచ్చినది. అమ్మ దానిని వ్రేళ్ళతో తడిమి చూచినది. ఆ అంకెను ఖాతాపుస్తకంలో ఎఱ్ఱసిరాతో వ్రాసుకున్నాను. హొసపేటలోని మా అమ్మాయి ఫోనులో అదే అడిగినది.

అరిసెలకు మాత్రం నా పుల్లకు సెలవు. బెల్లం ఒక్కొక్క అంగడిదొక్కొక్క తీరు, అంకె ఒకటే అయినా పాకం ఒకటి కాదు. అక్కడ నీళ్ళగిన్నె, ఉండపాకం, అమ్మ వ్రేళ్ళే.