దడ పెంచే వెతుకులాట

సెమిస్టర్ పరీక్షల ముందు గుండె దడ. అర్ధరాత్రి ఫోన్‌లో వెతికారు. మొదటి వీడియోనే గుండెపోటు గురించి. అది చూడగానే అలాంటివే వరుస కట్టాయి. భయానికి ఒంట్లో అడ్రినలిన్ పెరిగి దడ ఇంకా ఎక్కువైంది.

గట్టు అక్షరాస్యతలో బాగా వెనుకబడిన మండలం. అక్కడి నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మీరు ఇంట్లో తొలి తరం చదువరి అయితే, ఇలాంటివి అడగడానికి చాలాసార్లు ఫోనే దిక్కు. కానీ ఫోన్ వాడటం వేరు, అందులోని ఆరోగ్య సమాచారంలో మంచిచెడ్డలు తేల్చుకోవడం వేరు. ఈ రెండో నేర్పును కొలవడానికి నార్మన్, స్కిన్నర్ అనే పరిశోధకులు 2006లోనే 8 అంశాల ప్రశ్నావళి తయారుచేశారు. మీరు మూడు ప్రశ్నలు వేసుకున్నా చాలు: చెబుతున్నది ఎవరు? ఎప్పటి సమాచారం? చివర్లో ఏదైనా అమ్ముతున్నారా?

దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే వెతకడం ఆపి 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ 'టెలి మానస్' సేవ ఉచితం. రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు. ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే 108కి చేయండి.