గొర్రెతోలు కోటు

రెండేళ్ళ కిందటి మాట. తెనాలినుంచి మా అక్కయ్య ఫోను చేసింది. గొంతులో కంగారు. "ఒరే తమ్ముడూ, నీ మేనల్లుడు లక్షా పాతికవేలు పోసి జాకెట్టు కొన్నాట్టరా! కోడలు చెప్పింది. దానికేమన్నా రవ్వలు పొదిగించాడా ఏమిటి?" అంది.

నేనూ తెల్లబోయాను. మన ఇళ్ళలో జాకెట్టంటే ఒక్కటే అర్థం. ఎంత జరీ అంచు వేసినా, ఎంత పేరుమోసిన దర్జీ కుట్టినా, లక్ష దాటిన జాకెట్టు నేనెరుగను. తీరా అబ్బాయిని అడిగితే పకపకా నవ్వాడు. "అది మీరనుకునే జాకెట్టు కాదు మావయ్యా! గొర్రెతోలు కోటు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపినవాళ్ళు తొడుక్కున్నది" అన్నాడు. ఈ సంగతి చేరవేస్తే అక్కయ్య మరీ హడలిపోయింది. కొత్తదయినా కాదన్నమాట, ఎవడో వేసి విడిచిన పాత తోలు!

మా వాడి కాపురం ఇంగ్లండులో, లండనుకు ఉత్తరాన, లెచ్‌వర్త్ అనే ఊరికి దగ్గర్లో. పోయిన జనవరిలో నేనక్కడ మూడు వారాలున్నాను. వెళ్ళిన రెండోనాడే ఆ కోటు చూపించాడు. బీరువాలో వేలాడదీయలేదు. వెడల్పాటి అరమీద, పాత దుప్పటి పరిచి, నిద్రపోతున్న పసిపిల్లణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. చెప్పొద్దూ, మొదటి చూపుకి నాకేమీ గొప్పగా కనబడలేదు. బాగా కాగిన బెల్లంపాకం రంగు తోలు, మోచేతుల దగ్గర గీతలు, మెడచుట్టూ వెడల్పాటి బొచ్చు కాలరు, నడుముకి ఒక పటకా. బరువు మాత్రం వుంది. చేతిలోకి తీసుకుంటే గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టే వుంది.

ఈ కోటు కథ ఆ పక్కనున్న లెచ్‌వర్త్‌తోనే ముడిపడి వుంది. లెస్లీ ఇర్విన్ అని ఒక అమెరికావాడు. లాస్ ఏంజిలస్‌లో పుట్టినవాడు. 1919 ఏప్రిల్ 28న ఒహాయో రాష్ట్రంలో మెకుక్ ఫీల్డ్ అనేచోట ఎగిరే విమానంలోంచి దూకి, కొంతదూరం ఊరికే పడి, ఆ తర్వాత తన చేత్తో తాడు లాగి పారాచూట్ విప్పుకున్నాడు. అంతకుముందు దూకినవాళ్ళు లేకపోలేదు. కాని వాళ్ళ గొడుగు విమానానికి కట్టిన తాటితో దానంతటదే విచ్చుకునేది. గాలిలో పడుతూన్న మనిషికి స్మారకం వుండదనీ, చెయ్యి కదపలేడనీ అప్పట్లో పెద్దపెద్దవాళ్ళే నమ్మేవారు. ఇర్విన్‌కి కాలి చీలమండ విరిగింది గాని స్మారకం పోలేదు. ఆపైన ఆయన పారాచూట్ల కంపెనీ పెట్టాడు. రిజిస్టరు చేసేటప్పుడు ఎవరో ఆయన పేరు చివర ఒక అక్షరం ఎక్కువ వేసి, ఇర్విన్‌ని ఇర్వింగ్ చేశారు. ఆ తప్పు కంపెనీ పేరులో దశాబ్దాల తరబడి అలాగే వుండిపోయింది. పిల్లల జవాబు కాగితాల్లో అక్షరదోషాలు దిద్ది దిద్ది అలిసిన నాబోటివాడికి, ఒక తప్పుకి అంత ఆయుర్దాయం దక్కిందంటే కాస్త ఈర్ష్యగానే వుంటుంది.

1926లో ఆయన ఇంగ్లండు వచ్చి లెచ్‌వర్త్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. అక్కడే, 1930ల మొదట్లో, ఈ గొర్రెతోలు కోటు తయారయింది. పారాచూట్లు చేసేవాడికి కోట్లతో ఏం పని అంటారేమో. ఆకాశంలో ఎంత చలిగా వుంటుందో ఆయనకి ఒంటితో తెలుసును మరి.

ఆ చలి మనకి ఊహకందేది కాదు. వెయ్యి మీటర్లు పైకి పోయినకొద్దీ ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గిపోతుంది. 25,000 అడుగుల ఎత్తున సున్నాకి దిగువ 34 డిగ్రీలు, 30,000 అడుగుల దగ్గర 44. ఇవాళ మనం అంతకంటే ఎత్తున విమానంలో కూర్చుని, కాఫీ చల్లారిందని విసుక్కుంటాము. ఆనాటి యుద్ధవిమానాల్లో ఆ వసతి లేదు. అమెరికావారి బి-17 బాంబరు నడుముభాగంలో, రెండుపక్కలా తెరిచిన కిటికీల దగ్గర నిలబడి తుపాకీ పేల్చేవాళ్ళు. చేతొడుగు తీసి తుపాకీ లోహాన్ని ముట్టుకుంటే వేళ్ళ చర్మం అక్కడే అతుక్కుపోయేది. ఇంగ్లండునుంచి ఎగిరిన అమెరికా ఎనిమిదో వైమానికదళంలో, మొదటి ఏడాదిలో, తూటాల గాయాలతో మంచమెక్కినవారికన్నా చలికి కొరుకుడుపడి మంచమెక్కినవారే ఎక్కువ. బ్రిటిష్ లాంకాస్టర్ బాంబరు తోకలో కూర్చునే తుపాకీవాడయితే, రాత్రిపూట శత్రువిమానం బాగా కనబడటానికి తన ఎదటనున్న అద్దం పలక ఊడదీయించుకునేవాడు. ప్రాణం దక్కాలంటే గాలి తినవలసిందే.

ఆ గాలికి అడ్డం ఏమిటయ్యా అంటే, గొర్రె. ఉన్ని పోగుల సందున గాలి చిక్కుకుని కదలకుండా వుంటుంది. ఆ నిలిచిన గాలే ఒంటి వేడిని బైటికి పోనివ్వదు. గొర్రె తన బొచ్చు బైటికి తొడుక్కుంటుంది. మనిషి దాన్ని తిరగేసి, బొచ్చు లోపలికీ తోలు బైటికీ వచ్చేట్టు తొడుక్కున్నాడు. తోలు గాలిని ఆపుతుంది, ఉన్ని వేడిని ఆపుతుంది. అంతే కిటుకు. మన నెల్లూరు గొర్రెతో ఈ పని కాదు. దాని ఒంటినిండా పొట్టి వెంట్రుకలే గాని ఉన్ని వుండదు. మన ఎండకి అది అలాగే బాగు. తెలంగాణాలో దక్కనీ గొర్రె వుంది. దాని ముతక ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి, కురుమలు గొంగడి నేస్తారు. మా నాన్నగారు పొలం కాపలాకి వెళ్ళిన రాత్రుళ్ళు కప్పుకున్నది అదే. ఇంగ్లీషు కోటు లోపల చెయ్యి పెట్టగానే నాకు ముందుగా ఆ గొంగడి వాసన తలపుకొచ్చింది. అబ్బాయితో అంటే నమ్మలేదు. వాడు గొంగడి ఎరగడు.

అమెరికావారికీ ఇలాంటిది వేరే వుంది. బి-3 అంటారు, 1934లో వాళ్ళ సైన్యం దాన్ని తీసుకుంది. ముదురు గోధుమరంగు పూత, ఇంకా లావు. 1943 నాటికి వాళ్ళు బట్టతో కుట్టిన తేలికపాటి కోట్లకి మారిపోయారు. కరెంటుతో వేడెక్కే దుస్తులు కూడా వచ్చాయి. గొర్రెతోలు అటుపైన మెల్లగా వెనక్కి తగ్గింది. యుద్ధం అయిపోయాక మిగిలినవి మోటారుసైకిళ్ళ వాళ్ళకీ, రైతులకీ చవగ్గా దొరికేవట. ఆనాడు పెంటమీద పారేసినవాటికే ఈనాడు వేలం పాటలు!

ఈ కోట్లు పోగుచేసేవాళ్ళ చూపు వేరు. మనం పెళ్ళికూతుర్ని చూడబోయినప్పుడు జడనీ నడకనీ చూసినట్టు, వాళ్ళు జిప్పునీ కుట్టునీ చూస్తారు. ఇర్విన్ కోటు ముంజేతులమీద పొడుగాటి జిప్పులుంటాయి. లావు చేతొడుగులు లోపలికి దూర్చుకోవటానికి. ముందువెనకల తోలు పెద్ద ముక్కలయితే యుద్ధం తొలినాళ్ళ సరుకు. చిన్నచిన్న ముక్కలు కలిపి కుట్టినదయితే, తోళ్ళకి కరువొచ్చిన తర్వాతది. లోపల గుడ్డ చీటీ వుందా? దానిమీద విమానశాఖవారి కిరీటం గుర్తు వుందా? చీటీ మరీ శుభ్రంగా వుంటే అనుమానించమంటాడు మా వాడు. టీ నీళ్ళలో నానబెట్టి, కొత్త చీటీకి పాతదనం తెచ్చే మహానుభావులున్నారట. పాత జిప్పు ఊడదీసి కొత్త కోటుకి కుట్టేవాళ్ళూ వున్నారు. మొదట్లో వాడూ ఒకసారి అలా మోసపోయాడు. అది అక్కయ్యకి చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇక్కడ రాయవద్దని మాత్రం అనలేదు.

ఇంకో చిత్రం. ఆ కోటుకి జేబులు లేవు. ఆకాశంలో ఇరుకు గదిలో కూర్చున్నవాడికి జేబులెందుకు? కాని వీధిలో వేసుకు తిరిగేవాడికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. మా వాడు రైలు టిక్కెట్టు కాలరులో దోపుకుని తిరుగుతాడు.

ఇంతకీ ఆ ఇంట్లో అసలు తగవు డబ్బు గురించి కాదు. కోటు లోపలి చీటీమీద సిరాతో ఒక ఇంటిపేరూ, దాని ముందు ఒక పొడి అక్షరమూ రాసి వున్నాయి. కోడలు అది చూసిన రోజున, "చచ్చిపోయినవాడి కోటు ఇంట్లో వుండటానికి వీల్లేదు" అంది. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యలేను. బ్రిటిష్ బాంబరు దళంలో ఎగిరినవారు లక్షా పాతికవేలమంది. వారిలో 55,573 మంది తిరిగిరాలేదు. మా వాడు పట్టుదలగా కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘంవారి పట్టికలు వెతికాడు. అవి ఎవరైనా చూసుకోవచ్చు. మూడు రాత్రుళ్ళు కూర్చుని, ఆ పొడి అక్షరంతో ఆ ఇంటిపేరు గల వైమానికుడు చనిపోయినవాళ్ళలో లేడని తేల్చాడు. "బతికి బట్టకట్టాడే!" అని చెబితే అప్పటికి కోడలు శాంతించింది. కోట్లు చేతులు మారేవనీ, పేరు ఒకడిదయితే తొడుక్కున్నవాడు ఇంకొకడు కావచ్చుననీ నాకు తట్టింది. పైకి అనలేదు. కొన్ని తర్కాలు తరగతి గదిలోనే వుండటం మేలు.

ఇర్విన్ కంపెనీవారికి ఇంకో ఆనవాయితీ వుండేది. వాళ్ళ పారాచూట్‌తో ప్రాణం దక్కించుకున్న ప్రతివాడికీ బంగారపు పట్టుపురుగు బొమ్మ ఒకటి, చొక్కాకి గుచ్చుకునేది, ఇచ్చేవారు. ఆనాటి పారాచూట్ పట్టుదే కదా. 1922లో మొదలయిన ఆ సంఘంలో యుద్ధం ముగిసేసరికి వేలమంది చేరారు. మనవాళ్ళు పట్టుచీరకి బంగారు జరీ కట్టినట్టు, వాళ్ళు పట్టుపురుగుకే బంగారం కట్టారు. చందా లేదు. చావు దాకా వెళ్ళి రావటమే అర్హత.

సరే, నా ఘనకార్యానికి వస్తాను. ఒకనాడు లండను బయల్దేరాము. పొద్దున్నే మంచు. నా ఉన్ని కోటు చాలదని మా వాడు తన ప్రాణపదమైన ఆ కోటు తీసి నాకు తొడిగాడు. తను మాత్రం ఈమధ్య ఆ మోస్తరులోనే కొత్తగా కుట్టి అమ్ముతున్న కోటొకటి వేసుకున్నాడు. నేను వద్దనే అన్నాను. అన్నానే గాని, తొడుక్కున్నాక విప్పాలనిపించలేదు. ఐదు నిమిషాల్లో ఒంటికి వెచ్చదనం పట్టింది. స్టేషనులో ఒక ముసలాయన నన్ను చూసి తలాడించాడు. నేనేదో విమానం దిగి వచ్చినవాడిలా ఛాతీ విరిచాను. తెలుగు పండితుడికి అంతకంటే పాపం ఏముంది? కింగ్స్ క్రాస్‌లో దిగబోతూ పై అరమీది సంచీకోసం చెయ్యెత్తాను. చంకపక్కన "పర్ర్" మంది.

ఆ చప్పుడు నేను మరిచిపోలేను. మా వాడి మొహం చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. వాడు ఒక్క మాట అనలేదు. నా చెయ్యి మెల్లగా దింపి, కుట్టుదగ్గర వేలు పెట్టి చూశాడు. ఎనభై ఏళ్ళ తోలు చిరిగితే కాగితంతో సమానం; కుట్టు బెజ్జాలు తపాలాబిళ్ళ అంచులాగా వుండి, ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. దానికి మందు లేదు. తెగింది దారమే అయితే బతికినట్టు. ప్లాట్‌ఫారం మీద జనం మమ్మల్ని తోసుకుపోతున్నారు. వాడు వేలు అటూ ఇటూ ఆడించి, "దారమే మావయ్యా" అన్నాడు. నూలుదారం తోలుకంటే ముందు చీకిపోతుందట. మూడంగుళాల మేర విడిపోయింది.

ఆ రోజు లండనులో ఏమేమి చూశానో నాకు గుర్తులేదు.

బాగుచేయించటం కూడా ఒక శాస్త్రమే. మిషను మీద పెడితే కొత్త బెజ్జాలు పడి తోలు మరింత చిల్లులవుతుంది. అంచేత పాత బెజ్జాల్లోంచే సూది దూర్చి, చేత్తో కుట్టాలి; వెనకనుంచి పల్చటి మెత్తని తోలుపట్టీ ఆనించాలి. తోలు మెత్తబడుతుందని నూనె దట్టంగా పట్టిస్తే, అది లోపలి ఉన్నిలోకి దిగి బొచ్చు ముద్ద కడుతుంది. తడిస్తే నిప్పు దగ్గర ఆరబెట్టరాదు. మా ఊళ్ళో తోళ్ళు పదును చేసే పెద్దాయన ఒకడు తంగేడు చెక్క నానవేస్తూ, తోలుకి ఎండా నీళ్ళూ రెండూ శత్రువులేనని మాకు చిన్నప్పుడు చెప్పేవాడు. లక్షలు పోసి కొనేవాళ్ళకీ ఆ మాట తప్పలేదు.

అసలు ఇటువంటి వస్తువు వేసుకోవాలా, దాచుకోవాలా అని నేను తిరిగి వచ్చేదాకా వాదించాను. దాచమన్నాను, నేను చేసిన పనికి సిగ్గుపడి. మా వాడు ఒప్పుకోలేదు. "కదలకుండా మడతపెట్టి వుంచినా తోలు మడతలమీద పగులుతుంది. ఎవరి ఒంటికీ తగలకపోతే అది కోటెలా అవుతుంది?" అన్నాడు. మంచు పొడిగా వున్న రోజుల్లో, ఏడాదికి పది పన్నెండుసార్లు వేసుకుంటాడు. వాన పడితే వేసుకోడు. అదే మధ్యేమార్గం కాబోలు. నాకింకా పూర్తిగా నచ్చలేదు.

కుట్టుకూలి నేనిస్తానంటే పుచ్చుకోలేదు. అందుకని ఇక్కడికి వచ్చాక మంచి నల్లగొంగడి ఒకటి సంపాదించి పంపాను. దుప్పటి తీసేసి, కోటుకింద ఇప్పుడు గొంగడి పరిచాడట. వాసన చూసి, "మీరన్నది నిజమే మావయ్యా" అని రాశాడు. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా: గొంగడికి చిమ్మటలు పడతాయా?

పడతాయని రాశాను. మనలాగా కలరా ఉండలు వేద్దామంటే అక్కడ అమ్మనివ్వరు. సంచీలో బిగించి రెండు వారాలు ఫ్రీజరులో పెడితే పురుగు చస్తుందట. కోడలు మాత్రం, ఫ్రీజరునిండా ములక్కాడలున్నాయి, అవి అయిపోయేదాకా గొర్రె ఆగవలసిందే అంటోంది.