హౌస్‌ సర్జన్సీ లేని డాక్టర్లు

అమెరికాలో కైరోప్రాక్టిక్‌ (వెన్ను, మెడ కీళ్లను చేతులతో సరిచేసే వైద్యం) కాలేజీ చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థుల్ని పట్టి పీడించే దిగులు పేషెంట్లు దొరకకపోవడం. పట్టా చేతికి రావాలంటే కాలేజీ క్లినిక్‌లో ఇంతమందిని పరీక్షించాలి, ఇన్ని అడ్జస్ట్‌మెంట్లు చెయ్యాలి, ఇన్ని ఎక్స్‌రేలు చదవాలి అని లెక్కలుంటాయి. ఆ లెక్క నింపుకోవడానికి తోబుట్టువుల్నీ రూమ్మేట్లనీ జిమ్‌లో పరిచయమైనవాళ్లనీ బతిమాలి తెచ్చుకునేవాళ్లు ఎందరో. క్లాస్‌మేట్లు ఒకరికొకరు పేషెంట్లయిపోతారు. పాతికేళ్ల ఆరోగ్యవంతుడు బల్ల మీద పడుకుని మెడ కాస్త పట్టేసిందంటాడు. కేస్‌ షీట్‌ నిండుతుంది, పైనున్న డాక్టర్‌ సంతకం పెడతాడు.

లెక్క పూర్తయినంత మాత్రాన చదువు పూర్తయిందంటే నేను ఒప్పుకోను.

1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్‌ ఈ వైద్యాన్ని మొదలుపెట్టాడు. రెండేళ్లకు అక్కడే కాలేజీ తెరిచాడు. వైద్య విద్య మీద 1910లో వచ్చిన ఫ్లెక్స్‌నర్‌ నివేదిక తర్వాత అమెరికా మెడికల్‌ కాలేజీలు పెద్దాసుపత్రులతో ముడిపడ్డాయి. కైరోప్రాక్టిక్‌ మాత్రం బయటే నిలిచిపోయింది. కైరోప్రాక్టర్లతో కలిసి పనిచేయడమే తప్పని అమెరికన్‌ మెడికల్‌ అసోసియేషన్‌ దశాబ్దాలపాటు తన సభ్యులకు చెప్పింది. దాని మీద నలుగురైదుగురు కైరోప్రాక్టర్లు 1976లో కోర్టుకెక్కారు. అది చట్టవిరుద్ధమైన బహిష్కరణేనని 1987లో జడ్జి సూసన్‌ గెట్‌జెండానర్‌ తేల్చారు. తీర్పయితే వచ్చింది గానీ, అన్నేళ్లు ఆసుపత్రి గడప తొక్కకుండా సాగిన చదువు తీరు ఒక్క తీర్పుతో మారిపోదు కదా. విద్యార్థులు ఈనాటికీ ఎక్కువగా తమ కాలేజీ క్లినిక్‌ నాలుగు గోడల మధ్యే తయారవుతున్నారు.

దీనివల్ల ఏం పోతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. నడుం నొప్పితో వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ప్రమాదమేమీ ఉండదు. కానీ వెన్నుపాము చివర ఉండే నరాల కట్ట మీద డిస్క్‌ ఒత్తుకుపోయినవాడు ఎప్పుడో ఒకడొస్తాడు. వాడూ నడుం నొప్పనే చెబుతాడు. మూత్రం సరిగ్గా రావడం లేదనీ, తొడల మధ్య తిమ్మిరెక్కిందనీ తనంతట తాను చెప్పడు, సిగ్గుపడతాడు. డాక్టరే మొహమాటం లేకుండా అడగాలి. అడిగి, అనుమానం వస్తే చెయ్యి వెయ్యకుండా వెంటనే ఎమర్జెన్సీకి పంపాలి. ఆపరేషన్‌ ఆలస్యమైతే మూత్రం మీద అదుపు ఆ మనిషికి జన్మలో తిరిగి రాకపోవచ్చు. ఈ లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నాయి, పరీక్షలోనూ అడుగుతారు. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ ప్రశ్న నోరు తెరిచి అడిగిన అనుభవం రూమ్మేట్‌ మెడ సరిచేస్తే వస్తుందా?

మెడ సంగతీ అంతే. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చీలితే మొదట కనిపించేది మెడ నొప్పి, ఎన్నడూ ఎరగని తలనొప్పి. కైరోప్రాక్టర్‌ దగ్గరికెళ్లాక పక్షవాతం వచ్చిందన్న ఫిర్యాదుల మీద కెనడాలోని ఒంటారియోలో పెద్ద పరిశోధన జరిగి, 2008లో వెలువడింది. మామూలు ఫ్యామిలీ డాక్టర్ని కలిసినవాళ్లలోనూ అలాంటి సంబంధమే కనిపించిందనీ, చీలిక మొదలయ్యాకే ఆ నొప్పితో డాక్టర్ల దగ్గరికి వస్తూ ఉండొచ్చనీ అది చెప్పింది. కైరోప్రాక్టర్లు దీన్ని తమకు క్లీన్‌చిట్‌గా చూపిస్తారు. నాకు మాత్రం అందులో వాళ్ల బాధ్యత మరింత పెద్దదిగా కనిపిస్తోంది. నాళం చీలిన మనిషి నడుచుకుంటూ మీ గదిలోకే వస్తున్నాడంటే, అతణ్ణి గుర్తుపట్టి మెడ తిప్పకుండా ఆగడం మీకు వచ్చి తీరాలి.

చదువు తక్కువేం కాదు. కనీసం 4,200 గంటల బోధన, ఆపైన నాలుగు భాగాల జాతీయ బోర్డు పరీక్షలు. విద్యార్థుల కష్టాన్నీ, నెత్తినెక్కిన అప్పుల్నీ నేను తక్కువ చెయ్యను. కానీ మన గాంధీలోనో ఉస్మానియాలోనో విశాఖ కేజీహెచ్‌లోనో ఎంబీబీఎస్‌ పిల్లలు ఏడాదిపాటు హౌస్‌ సర్జన్లుగా చేస్తారు. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ, పైన పీజీ, ఆ పైన అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌. తనకు చేతకానిదేదో తెలిసొచ్చేది ఆ ఏడాదిలోనే. కైరోప్రాక్టర్‌కి ఆ ఏడాది లేదు. పట్టా, లైసెన్సు రాగానే బోర్డు కట్టేసుకోవచ్చు. ఏ డాక్టరూ పంపకుండానే రోగి నేరుగా అతని దగ్గరికి రావచ్చు.

దారి లేకపోలేదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 2014లో అయిదు చోట్ల కైరోప్రాక్టర్లకు ఏడాది రెసిడెన్సీ మొదలుపెట్టాయి. అక్కడికొచ్చేది నిజమైన రోగులు. షుగరు, గుండె జబ్బు, పాత గాయాలు, మానసిక వేదన అన్నీ ఒకే మనిషిలో. పక్క గదిలో న్యూరాలజిస్ట్‌ ఉంటాడు. అయితే ఏటా బయటికొచ్చే పట్టభద్రులతో పోలిస్తే ఆ సీట్లు చాలా కొద్ది. ఎండీల రెసిడెన్సీకి, కాలి వైద్యుల రెసిడెన్సీకి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌ డబ్బిస్తుంది, వీళ్లకు ఇవ్వదు. వెన్నెముక అడ్జస్ట్‌మెంట్‌కు మాత్రం 1970ల నుంచీ అదే మెడికేర్‌ బిల్లు చెల్లిస్తోంది. వైద్యానికి డబ్బిచ్చే ప్రభుత్వం ఆ వైద్యం నేర్పడానికీ ఇవ్వాలి. ఏడాది ఆసుపత్రి శిక్షణ లేనిదే లైసెన్సు ఇవ్వకూడదు. విద్యార్థే పేషెంట్లను వెతికి తెచ్చుకునే పద్ధతిని కాలేజీలు ఇకనైనా మానుకోవాలి.

రోజంతా కంప్యూటర్‌ ముందు కూర్చుని మెడ నొప్పితో వీళ్ల దగ్గరికెళ్లే తెలుగువాళ్లు డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ తక్కువేం కాదు. హైదరాబాద్‌లోనూ ఈ బోర్డులు వెలుస్తున్నాయి. ఎముకలు టకటకలాడే వీడియోలు చూసి జనం వెళుతున్నారు. అమెరికాలో లైసెన్సయినా ఉంది. ఫిజియోథెరపిస్టులతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో జాతీయ చట్టం చేసుకున్న మన దేశంలో కైరోప్రాక్టర్లకు ప్రత్యేక కౌన్సిలంటూ లేదు. కాబట్టి బల్ల మీద పడుకునే ముందు అడగండి: ఎక్కడ చదివారు, ఏ ఆసుపత్రిలో పనిచేశారు? మెడ మీద చెయ్యి వేసే ముందు మిమ్మల్ని నాలుగు ప్రశ్నలైనా అడగనివాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. నడుం నొప్పితోపాటు మూత్రం బిగిసినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, ఎన్నడూ లేని తలనొప్పి మెడతో కలిసి వచ్చినా ఏ కైరోప్రాక్టర్‌ దగ్గరికీ వెళ్లకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.