పారాసిటమాల్ మీద పరిశోధనకు డబ్బెవరిస్తారు?

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1901లో ఆగస్టె డేటర్ అనే ఆవిడను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. వయసు 51. ఇంట్లో మొదట బయటపడింది మతిమరుపు కాదు... మొగుడి మీద అనుమానం. వస్తువులు తీసుకెళ్లి ఎక్కడెక్కడో దాచేది. తనను చంపడానికి వస్తున్నారని కేకలు పెట్టేది. ఆమెను పరీక్షించిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. ఆయన పేరే జబ్బుకు స్థిరపడింది. చిత్రమేమిటంటే, ఆ పేరు వినగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది మరుపు ఒక్కటే.

డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లను చూసుకుంటున్న ఇంట్లో అడిగి చూడండి. తాళాలు ఎక్కడ పెట్టారో మరచిపోవడం వాళ్లకు పెద్ద కష్టం కాదు. 'నా గొలుసు కోడలే తీసింది' అని ఇరుగుపొరుగుకు చెప్పడం, సొంతింట్లో కూర్చునే 'ఇంటికి పోదాం పద' అనడం, అర్ధరాత్రి లేచి తలుపు గడియ తీయడం... ఇంటిల్లిపాదీ కుంగిపోయేది వీటితోనే. అమెరికాలోని కేష్ కౌంటీలో రోగులను అయిదేళ్లపాటు గమనిస్తే, 97 శాతం మందిలో ఇలాంటి లక్షణం ఒక్కటైనా కనిపించింది.

వీటికి స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు వాడే మందులే ఇస్తూ వచ్చారు. అవి డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలను 1.6 నుంచి 1.7 రెట్లు పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరించింది.

మరి వేరే దారి? నార్వే పరిశోధకులు ఓ చిన్న ప్రశ్న వేసుకున్నారు. ఒంట్లో నొప్పిని చెప్పుకోలేకే వీళ్లు తిడుతున్నారేమో, తోసేస్తున్నారేమో! వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోని 352 మందిని ఎంచుకుని, కొందరికి ఎనిమిది వారాలు క్రమం తప్పకుండా నొప్పి మందులిచ్చారు. చాలామందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే. వారిలో ఆందోళన 17 శాతం తగ్గిందని 2011లో ప్రకటించారు. ఈ పనికి డబ్బిచ్చింది నార్వే పరిశోధనా మండలి, బెర్గెన్ విశ్వవిద్యాలయం. రూపాయో రెండో పెడితే వచ్చే మాత్ర మీద ఏ కంపెనీ మాత్రం ఖర్చు పెడుతుంది?

కంపెనీలు అసలు పెట్టవని కాదు. అల్జీమర్స్ రోగుల ఆందోళనకు అమెరికా ఆమోదించిన తొలి మందు బ్రెక్స్‌పిప్రజోల్ 2023లో వచ్చింది. అది కంపెనీల పరీక్షల ఫలితమే. దానికీ అదే మరణాల హెచ్చరిక ఉంది! పెట్టిన సొమ్ము తిరిగొచ్చే చోట పెట్టడం వ్యాపారి లక్షణం, తప్పు పట్టలేం. మిగతా ప్రశ్నల భారం ప్రభుత్వాలదే.

మన దేశంలో అరవై దాటినవారిలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. ఆ సర్వేకు నిధులిచ్చింది అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ. మన డబ్బుతో జరిగినవీ లేకపోలేదు. రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో చెప్పారు. దానికి సాయం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖది. తెలుగు, ఉర్దూ కలగలిసిన ఊళ్లో పుట్టాల్సిన ప్రశ్నే అది.

అలాంటివి ఇంకా ఉన్నాయి. మూడు నెలలు పెద్దకొడుకు దగ్గర, మూడు నెలలు చిన్నకొడుకు దగ్గర వంతులేసుకుని ఉంచితే అమ్మలో భయం, అనుమానం పెరుగుతాయా? పల్లెలో ఇల్లు అమ్మేసి అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు తెచ్చాకే 'ఇంటికి పోదాం' అనడం మొదలవుతోందా? కంటి శుక్లం తీయిస్తే, రాత్రిళ్లు గదిలో చిన్న దీపం ఉంచితే లేని మనుషులు కనిపించడం తగ్గుతుందా? వీటి మీద నార్వే డబ్బు పెట్టదు.