మానైన పిదప చదువు

విద్యకు వయోనియమము కలదా అను ప్రశ్న నేడు మన యిండ్ల ముంగిట నిలిచియున్నది. పెనుగొండలోను, పరిసర గ్రామములలోను, బిడ్డలను అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపిన గృహములు కలవు. అట్లు వెళ్లిన వారందరును పిన్నవారు కారు. ఇచ్చట పట్టము పొంది, కొంతకాలము ఉద్యోగము చేసి, బిడ్డల తల్లులును తండ్రులును అయిన పిదప పరదేశమున మరల కళాశాల మెట్లెక్కువారును వారిలో నున్నారు. ఇచ్చటి పట్టమును అచ్చట పూర్తిగా లెక్కింపకుండుట యందుకొక కారణము. భర్తల వెంట అమెరికా వెళ్లిన స్త్రీలలో పలువురకు ఉద్యోగము చేయుటకు అనుమతి లేక, చదువుకొనుటకు మాత్రము అవకాశముండుట మరియొక కారణము.

ఇట్టి వార్త ఊరు చేరగనే ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అను సామెత వినవచ్చును. బాల్యశిక్షణను గూర్చి అది మంచి మాటయే. కాని, పెద్దల చదువునకు దానిని అడ్డుకర్రగా నిలుపుట తగదు. పొరుగుననున్న భీమవరమే యందుకు సాక్షి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి నెగ్గిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. మామగారి తోడ్పాటును, బర్మాలో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి సాయమును గైకొని, 1922లో బోస్టను నగరము చేరిరి. అప్పటికి వారి వయస్సు 27 ఏండ్లు, గృహస్థులు. హార్వర్డులో మరల విద్యార్థియై, పొట్టకూటికై ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచిరి. వైద్యపట్టము గలవాడనను అభిమానము వారి చేతుల కడ్డురాలేదు. డాక్టరేటు లభించినది 1930లో, తమ 35వ యేట. అనంతరము లెడర్లే ప్రయోగశాలలో వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయుట జరిగినది. గోదావరి మండలమును చిరకాలము బాధించిన బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న డైఇథైల్ కార్బమజీన్ అను మందును ఆ ప్రయోగశాల ప్రసాదించినదే.

మాను వంగినది, ఫలించినది. కాని, ఆ ఫలమునకు వెల చెల్లించిన వారెవరు? 1922లో ఓడయెక్కిన సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూసిరి. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. వారు వెళ్లిన పిదప పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూచుటకైనను నోచుకొనలేదు. ఔషధముల పేర్లు చెప్పుకొనువారు ఆ యింటి నిరీక్షణను మరచుచున్నారు.

కావున నడివయస్సున చదువబూనినవారిని ‘ఈ వయస్సున నెందుకు?’ అని యడుగుట కంటె, ‘వీరి యింటి భారమును ఎవరు పంచుకొందురు?’ అని యడుగుట మేలు. నాడు పురుషుని చదువునకై స్త్రీ వేచియున్నది. నేడు స్త్రీ పరదేశమున పుస్తకము చేతబట్టినచో, పురుషుడు వంటయిల్లును బిడ్డల ఆలనను చేపట్టుట ధర్మము. అది దయ కాదు, ఋణము తీర్చుకొనుట. ఇచ్చటనున్న తలిదండ్రులును పరిహాసము మాని ప్రోత్సాహపు మాట యొకటి పలుకవలెను. కడలి కావల నున్నవారికి ఆ మాటయే కొండంత బలము.

ఉపాధ్యాయులు సుబ్బారావుగారి చరిత్రను బోధించునపుడు ఫలితములను మాత్రమే వల్లెవేయింపరాదు. తప్పిన పరీక్షలను, తగ్గిన పట్టమును, ఆస్పత్రి ఊడిగమును, ఇంట వేచిన యిల్లాలిని కూడ చెప్పవలెను. పరీక్ష తప్పి వెనుకబల్లపై తలవంచి కూర్చున్న బాలునకు అందు ఆశ దొరకును. ముందుబల్లపై నున్నవానికి, తన విజయములో నితరుల పాలును గుర్తించు వినయమలవడును.