బిడ్డ చేతికొచ్చింది, ఇల్లు ఇంకా రాలేదు

వేరే దేశం వెళ్లి బిడ్డను దత్తత తీసుకున్నవాళ్లకి మనకెవరికీ తెలియని ఒక పదిహేను రోజులుంటాయి. కాగితాల మీద సంతకాలైపోయాయి, బిడ్డ చేతికొచ్చింది. కానీ వీసా రాలేదు, ఇంటికి వెళ్లలేరు. ఒక హోటల్ గది, ఒక సూట్‌కేసు, మొన్నటిదాకా ఫొటోలో మాత్రమే చూసిన పాప. ఈ వారం ఆ రోజుల గురించి మాట్లాడుకుందాం.

ఈ రోజులకి చాలాకాలం ఒక అడ్రస్ ఉండేది. చైనాలోని గ్వాంగ్‌జౌ. 1992లో చైనా తన పిల్లల్ని విదేశీయులకి దత్తత ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 సెప్టెంబర్‌లో, దగ్గరి బంధువులకి తప్ప ఇక ఇవ్వబోమని ప్రకటించింది. ఈ మధ్యలో దాదాపు 1,60,000 మంది పిల్లలు దేశం దాటారు. సగం మంది అమెరికాకే. ఒకే బిడ్డ విధానం నడిచిన కాలం కదా, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు.

మొదటి వారం పాప ఉన్న ప్రావిన్స్‌లో గడిచేది. దత్తత రిజిస్ట్రేషన్, చైనా పాస్‌పోర్ట్ అక్కడ. రెండో వారం గ్వాంగ్‌జౌలో. ఎందుకంటే అమెరికా వెళ్లే దత్తత పిల్లలందరికీ వీసా అక్కడి కాన్సులేట్‌లోనే. అప్పట్లో ఆ కాన్సులేట్ షామియన్ అనే చిన్న దీవిలో, వైట్ స్వాన్ హోటల్ పక్కన ఉండేది. దాంతో హోటల్ మొత్తం ఇలాంటి కుటుంబాలే. చుట్టుపక్కల షాపులవాళ్లు పిల్లల బండ్లు ఊరికే అరువిచ్చేవాళ్లు. లాబీలో ఎర్ర సోఫా మీద పిల్లలందర్నీ వరుసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం ఒక ఆనవాయితీ. మ్యాటెల్ కంపెనీ చైనా పాపని ఎత్తుకున్న ఒక బార్బీని తయారుచేస్తే, ఆ హోటల్ దాన్ని ఈ కుటుంబాలకి కానుకగా ఇచ్చేది. బొమ్మ పేరు 'గోయింగ్ హోమ్'.

ఇంటికి వెళ్తోంది! ఎవరి ఇంటికి?

పాప వైపు నుంచి చూడండి ఒకసారి. రోజూ ఎత్తుకునే ఆయమ్మ లేదు. రాత్రి పక్కన పడుకునే పిల్లల చప్పుడు లేదు. పాల రుచి మారింది, సబ్బు వాసన మారింది, పిలిచే పేరు మారింది. ఎదురుగా ఉన్న ఇద్దరి మాట ఒక్కటీ అర్థం కాదు. తల్లిదండ్రులకి అది జీవితంలో అతి గొప్ప వారం. పాపకి అప్పటిదాకా ఉన్నదంతా పోయిన వారం. రెండూ ఒకే గదిలో, ఒకేసారి జరుగుతుంటాయి.

కొందరు పిల్లలు గంటల తరబడి ఏడుస్తారు. ఆ ఏడుపుకి అర్థముంది, ఎవరికోసమో వెతుక్కుంటున్నారని. కొందరు అసలు ఏడవరు. పెట్టింది తింటారు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటారు. 'అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో' అని మురిసిపోతాం. చాలాసార్లు అది బుద్ధి కాదు, బిత్తరపోవడం. కొన్నాళ్లకి పాప మొండికేస్తే, అరిస్తే, 'ఇంతకుముందు బాగుండేదే' అనుకోకూడదు. ఇప్పుడు మీ ముందు ఏడవగలుగుతోందని అర్థం.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక పద్ధతుంది. నడుస్తున్న సిస్టమ్‌ని కొత్త సర్వర్‌కి మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చం. ఒకటి మారుస్తాం, కుదురుకుందా అని చూస్తాం, తర్వాత ఇంకొకటి. పసిబిడ్డ సర్వర్ కాదనుకోండి. అయినా జాగ్రత్త మాత్రం అదే. ఎలాగూ మారక తప్పనివి బోలెడున్నాయి. మార్చకుండా ఉంచగలిగినవి ఏమిటో వెతకాలి.

అవి చిన్నవే. పాప వేసుకొచ్చిన గౌను వెంటనే ఉతకొద్దు, పాత వాసన కొన్నాళ్లు తోడుంటుంది. ఆశ్రమంలో ఏ పాలు, ఎన్నింటికి, ఎంత చిక్కగా కలిపేవాళ్లో అడిగి రాసుకోవాలి, అవే కొనసాగించాలి. పాత పేరుతోనే పిలవాలి, కొత్త పేరు పక్కన చేర్చుకుంటూ పోవచ్చు. 'ఆకలా', 'నొప్పా', 'నిద్రా', 'ఇక్కడే ఉన్నా' అనే నాలుగు మాటలు పాప భాషలో నేర్చుకోవాలి. అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం అమ్మానాన్నే చేయాలి. ఊరు చూడ్డం, షాపింగ్ తర్వాత సంగతి. విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాలసీసా నోటికందిస్తే చెవుల నొప్పి కాస్త తగ్గుతుంది. కాగితాలన్నీ చేతి బ్యాగులోనే.

'చైనా సంగతి మనకెందుకు' అంటారా? మన దేశం నుంచి కూడా పిల్లలు విదేశాలకి దత్తత వెళ్తారు, కారా ద్వారా. తీసుకెళ్లేవాళ్లలో అమెరికాలో ఉండే తెలుగువాళ్లూ ఉంటారు. ఇక్కడా వరస ఉంది. కారా అనుమతి, జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వు (2021 చట్ట సవరణకి ముందు ఇది కోర్టు ఇచ్చేది), హేగ్ ఒప్పందం ప్రకారం ధ్రువపత్రం, పాప పేరు మీద భారత పాస్‌పోర్ట్, ఆ పైన వీసా. 'సొంత దేశమే కదా, పాపకి కొత్తేముంటుంది' అనిపిస్తుంది. కానీ పాప మహారాష్ట్రలోనో ఒడిశాలోనో పెరిగి ఉండొచ్చు. పాణీ అని అడిగే పాపకి నీళ్లు అన్నది పరాయి మాటే. ఆ పిల్లకి డల్లాస్ కంటే ముందు మన తెలుగే విదేశం.

చట్టం పని ఎంత వేగమో చూడండి. 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన అమెరికా చట్టం ప్రకారం, దత్తత పూర్తయిన వీసాతో వచ్చిన పాప అమెరికాలో దిగి ఇమిగ్రేషన్ దాటగానే ఆ దేశ పౌరురాలు. ఒక్క ముద్రతో దేశం మారిపోతుంది. మనసుకి అలాంటి కౌంటర్ లేదు. దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు.

ఇంకో మాట. చైనా నుంచి వెళ్లిన ఆ పాపల్లో చాలామంది ఇప్పుడు ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నారు. కొందరు కన్నవాళ్ల కోసం, పెంచిన ఆయమ్మల కోసం వెతుక్కుంటున్నారు. వాళ్ల చేతిలో ఉండే ఆధారం చాలావరకు ఆ రెండు వారాల్లో దొరికిందే. ఆశ్రమం గేటు ఫొటో, ఆయమ్మ రాసిచ్చిన చీటీ, ఆ రోజు వేసుకున్న బట్టలు. మన నిబంధనల్లో కూడా దత్తత వెళ్లిన బిడ్డకి 18 ఏళ్లు నిండాక తన మూలాల గురించి అడిగే హక్కుంది. అందుకే ఆ రోజుల్లో సెల్ఫీలు రెండు తగ్గినా ఫర్వాలేదు, పాప మంచం, పాప గది, పాపని ఎత్తుకున్న ఆయమ్మ ముఖం ఫొటో తీసి దాచాలి. ఆమె ఒప్పుకుంటేనే సుమా. ఆ ఫొటోలు మీ స్టేటస్ కోసం కాదు, రేపు పాప అడగబోయే ప్రశ్న కోసం.

ఇదంతా దత్తత తీసుకునేవాళ్లకే అనుకోకండి. మన అక్కో, ఆఫీసు ఫ్రెండో ఏదో ఒకరోజు ఇలా బిడ్డతో దిగొచ్చు. అప్పుడు మనం బాబాయిలం, పిన్నులం. 'ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు' అని చేతులు చాపడం మనకి అలవాటు. ఆ చేతుల్ని కొన్నాళ్లు ఆపుకుందాం. ఇప్పటికే చాలా చేతులు మారిన బిడ్డ అది. వాళ్లకి వండి పెడదాం, బట్టలు మడత పెడదాం, కారు నడుపుదాం. పాపని మాత్రం వాళ్ల దగ్గరే ఉండనిద్దాం.