హారన్ తర్వాత ఏ స్పీకర్?

బతుకమ్మ రోజుల్లో సింగరేణి బొగ్గు గని కార్మికుల సెంటినరీ కాలనీ వీధుల్లో మోగే గరాటు మైకులదీ, సంగీతప్రియుల ఇళ్లలోని హారన్ స్పీకర్లదీ ఒకే సూత్రం: డయాఫ్రం, అంటే ధ్వనిని పుట్టించే పలుచని పొర, క్రమంగా వెడల్పయ్యే గొట్టం ద్వారా గాలిని సమర్థంగా కదిలిస్తుంది కాబట్టి తక్కువ విద్యుత్తుతోనే పెద్ద శబ్దం వెలువడుతుంది. ఈ సామర్థ్యానికి కొలమానం సెన్సిటివిటీ, అనగా 1 వాట్ ఇచ్చినప్పుడు 1 మీటరు దూరంలో నమోదయ్యే ధ్వనితీవ్రత. పాల్ క్లిప్ష్ 1940లలో రూపొందించిన క్లిప్ష్‌హార్న్ అనే హారన్ స్పీకర్‌కు ఇది సుమారు 104 డెసిబెల్స్ ఉండగా, నేటి పెట్టె స్పీకర్లలో చాలావాటికి 87కు అటూఇటూగా ఉంటుంది. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకూ శక్తి రెట్టింపు కావాలి గనుక, 17 డెసిబెల్స్ తేడా అంటే దాదాపు 50 రెట్లు. హారన్ నుంచి అలాంటి పెట్టె స్పీకర్‌కు మారినప్పుడు 2 వాట్లు సరిపోయిన చోట 100 వాట్లు కావలసి వస్తే, ఇష్టపడి కొనుక్కున్న చిన్న వాల్వ్ ఆంప్లిఫయర్ మూలన పడుతుంది.

అయితే సింగరేణి క్వార్టర్ గదిలో అంత హోరు ఎవరికి కావాలి? క్లిప్ష్‌హార్న్ గది మూల గోడలనే తన గొట్టానికి కొనసాగింపుగా వాడుకొని మంద్రస్వరాలను పలికిస్తుంది. తలుపో బీరువానో ఆక్రమించిన మూలలున్న ఇంట్లో, పక్క వాటాలో నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవారు పగలు నిద్రించే చోట, మధ్యరకం సెన్సిటివిటీ, అంటే 90 డెసిబెల్స్ పైబడిన పెట్టె స్పీకరే మేలైన ఎంపిక. హారన్‌లో వినిపించే డప్పు దెబ్బలోని తక్షణత కొంత తగ్గుతుంది, నిజమే. కొనే ముందు పాఠకులు తమ ఆంప్లిఫయర్‌నే దుకాణానికి తీసుకెళ్లి, తమకు బాగా తెలిసిన పాటతో విని చూడాలని మనవి.